కడలికీ ఋతువులున్నాయి

మన ప్రబంధకవులు పాటించిన అష్టాదశవర్ణనలలో సముద్రవర్ణన ఒకటి, ఋతువర్ణన ఒకటి. ఈ రెండూ కావ్యంలో వేర్వేరు చోట్ల వస్తాయి. ఋతువర్ణన చదివేటప్పుడు మన మనోనేత్రానికి కనిపించేది నేల. వసంతంలో మామిడి చివురు, గ్రీష్మంలో నెర్రెలు విచ్చిన చెరువు, వర్షాకాలంలో గట్లు తెంచుకొని పారే ఏరు, శరత్తులో రెల్లుపూల తెలుపు. సముద్రవర్ణనకు వచ్చేసరికి కాలం నిలిచిపోయినట్లుంటుంది. గాంభీర్యం, అగాధత, తరంగఘోష, గర్భంలో దాగిన రత్నరాశి, ఇవి ఏ ఋతువులోనైనా ఒక్క తీరుగా ఉండే లక్షణాలు. కావ్యాలతోనే కాలం గడిపిన నాకు సముద్రమంటే ఋతువులు లేనిదన్న భావం చాలాకాలం ఉండేది.

ఒడ్డున నిలబడి చూసేవారికి ఈ భావం సహజమే. విశాఖ తీరంలో మాఘమాసంలో చూసినా ఆశ్వయుజంలో చూసినా అదే నీలిమ, అవే అలలు. కాని ఆ నీటిని ఒక సీసాలో పట్టి సూక్ష్మదర్శిని కింద ఉంచితే కథ మారిపోతుంది. మాఘంలో కనిపించిన జీవులు ఆశ్వయుజంలో కనిపించవు. ఒకనాడు ఒకే జాతి జీవులు కిక్కిరిసి కనిపిస్తాయి. మరొకనాడు జీవుల సంఖ్య తక్కువగా ఉన్నా నూరు రకాల ఆకారాలు తారసపడతాయి. నేలమీద చివురించడం, పూయడం, రాలడం ఉన్నట్లే నీటిలోనూ ఉన్నాయి. అయితే అక్కడ చివురించేది చెట్టు కాదు. కంటికి ఆనని ఏకకణజీవి.

ఈ జీవులను వృక్షప్లవకాలు అంటారు. సంస్కృతంలో ‘ప్లు’ ధాతువునకు తేలుట అని అర్థం. ప్లవమంటే తెప్ప, పడవ. మన అరవై సంవత్సరాలలో ‘ప్లవ’ అన్నది ఒకటి ఉన్నదని, అది 2021 ఉగాదినాడు వచ్చిందని మీకు గుర్తుండవచ్చు. నీటిలో తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకొనిపోతే అటు పోయే జీవులు కనుక ఇవి ప్లవకాలు. జర్మన్ శాస్త్రవేత్త విక్టర్ హెన్సెన్ 1887లో గ్రీకు భాష నుండి తీసుకొని వాడిన ‘ప్లాంక్టన్’ అనే మాటకు సంచారి అని అర్థం. గ్రీకు మాట తిరుగుడును చెబితే మన మాట తేలడాన్ని చెబుతుంది. నా మట్టుకు మన మాటే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే ఈ జీవుల బ్రతుకంతా తేలడం, మునగడం అనే రెండింటి మధ్యనే సాగుతుంది.

వృక్షప్లవకాలు సూర్యకాంతిని గ్రహించి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారం తయారు చేసుకుంటాయి. భూమిమీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో ఇంచుమించు సగం వీటి పనే. అడవులు, పొలాలు, పచ్చికబయళ్లు అన్నీ కలిసి చేసేది తక్కిన సగం. అయినా ఏ క్షణంలోనైనా సముద్రమంతటా ఉన్న వృక్షప్లవకాలను ఒకచోట రాశిపోస్తే ఆ బరువు భూమిమీది వృక్షసంపదలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఇంత కొద్ది సంపదతో అంత పెద్ద పని ఎలా సాధ్యం? మర్రిచెట్టు వందల యేళ్లు బ్రతుకుతుంది. వృక్షప్లవకం ఆయువు కొద్ది రోజులు. అది ఒకటి రెండు రోజులలో రెండుగా చీలుతుంది, వారం తిరగకముందే ఎవరికో ఆహారమవుతుంది. నిన్నటి పంట నేడు లేదు, నేటి పంట రేపు ఉండదు. ఇంత త్వరగా తరాలు మారే సమాజం మీద ఋతువు ప్రభావం ఎంత తీవ్రంగా ఉంటుందో ఊహించవచ్చు. మామిడిచెట్టుకు ఎండాకాలం ఏటేటా వచ్చిపోయే ఒక దశ. వృక్షప్లవకానికైతే ఒక్క ఎండాకాలంలో ఎన్నో తరాలు గడిచిపోతాయి.

వీటిలో వేల జాతులున్నాయి. అన్నింటినీ చెప్పుకోవడం సాధ్యం కాదు కాని, ఈ కథకు కావలసిన మూడు నాలుగు కుటుంబాల స్వభావం తెలిసి ఉండాలి. మొదటివి డయాటమ్‌లు. ఇవి గాజుపెట్టెలో కాపురముండే జీవులు. సిలికాతో చేసిన రెండు అరలు కుంకుమభరిణె మూతలాగా ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఆ అరల మీది చెక్కడపు పనిని సూక్ష్మదర్శినిలో చూసినవారు సులభంగా మరువలేరు. గాజు బరువైనది కనుక నీరు కదలనప్పుడు ఇవి మెల్లగా మునిగిపోతాయి. వీటికి ఆకలి ఎక్కువ, ఎదుగుదల కూడా ఎక్కువ. ఆహారం దండిగా ఉండి, నీరు కలియబడుతూ ఉంటే వీటిని మించినవి లేవు. రెండవవి డైనోఫ్లాజెల్లేట్‌లు. వీటికి కొరడాలవంటి రెండు తోకలుంటాయి. వాటితో అవి కొంతమేర ఈదగలవు. నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు వీటిలో కొన్ని పగలు వెలుతురు కోసం పైకి, రాత్రి ఆహారం కోసం లోతుకు ప్రయాణం చేస్తాయి. మూడవవి సయనోబాక్టీరియా. వీటిలో అతిసూక్ష్మమైన ప్రోక్లోరోకాకస్ అనే జీవి మిల్లీమీటరులో వెయ్యవ వంతుకన్నా చిన్నది. ప్రపంచ సముద్రాలలో అత్యధిక సంఖ్యలో ఉన్న కిరణజన్య జీవి ఇదే అయినా, 1988లో శాలీ చిజమ్ బృందం ప్రకటించేవరకు దీని ఉనికి లోకానికి తెలియదు. ఒంటినిండా సున్నపు బిళ్లలు తొడుక్కొనే కోకోలితోఫోర్‌లు నాలుగవవి.

ఇక వీటి జీవనసమస్య ఏమిటో చూద్దాం. మొక్కకు వెలుతురు కావాలి, ఎరువు కావాలి. పొలంలో ఈ రెండూ ఒకచోటే దొరుకుతాయి. సముద్రంలో వెలుతురు పైన ఉంటుంది, ఎరువు అడుగున ఉంటుంది. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు వంటి పోషకాలను పైనున్న ప్లవకాలు త్వరత్వరగా వాడుకుంటాయి. చనిపోయిన జీవులు, వాటిని తిన్న జంతువుల విసర్జితాలు లోతుకు జారిపోతాయి. అక్కడ అవి కుళ్లి తిరిగి పోషకాలుగా మారుతాయి కాని, ఆ లోతున వెలుతురు లేదు. పైనీరు ఎండకు వేడెక్కి తేలికై, చల్లని బరువైన అడుగునీటి మీద మీగడలాగా పరచుకొని ఉంటుంది. ఈ పొరలు కట్టిన స్థితిలో అడుగు సంపద పైకి రాదు. దానిని పైకి తేవాలంటే కవ్వం వేయాలి. పురాణకథలో ఆ పనికి మందరపర్వతం కావలసివచ్చింది. వాస్తవంలో ఆ కవ్వం గాలి, చలి. కవ్వం ఎప్పుడు ఆడుతుంది, ఎంతసేపు ఆడుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్నదే సముద్రపు ఋతుచక్రం.

అయితే చిలకడం ఎక్కువైనా చేటే. ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో శీతకాలపు తుపానులు నీటిని వందల మీటర్ల లోతు వరకు కలియదిప్పుతాయి. పోషకాలు పైకి వస్తాయి, నిజమే. కాని వాటితోపాటు ప్లవకాలు కూడా చీకటి లోతులకు, వెలుతురులోకి మార్చిమార్చి త్రోయబడతాయి. చీకటిలో గడిపే కాలం ఎక్కువై అవి పెరగలేవు. వసంతంలో ఎండ తగిలి పైపొర పలుచబడగానే ప్లవకాలు వెలుతురులో నిలువగలుగుతాయి. అప్పుడు ఒక్కసారిగా సముద్రం విరగబూస్తుంది. నార్వే శాస్త్రవేత్త హెరాల్డ్ స్వెర్‌డ్రప్ 1953లో ఈ వివరణను లెక్కలతో నిరూపించే ప్రయత్నం చేశాడు. తరువాతివారు దీనికి ఎన్నో సవరణలు సూచించారు కాని, చర్చ అంతా ఆయన వేసిన పునాది మీదనే నడుస్తున్నది. ఆ వసంతపు పూతలో మొదట వచ్చేవి డయాటమ్‌లు. అవి సిలికేటును ఖర్చు చేసి తరలిపోయాక చిన్నచిన్న జీవులు, ఎండాకాలపు నిశ్చలజలాలలో కోకోలితోఫోర్‌లు, డైనోఫ్లాజెల్లేట్‌లు వరుసగా రంగంలోకి వస్తాయి. శరత్తులో గాలులు మొదలుకాగానే డయాటమ్‌లకు మరొక చిన్న అవకాశం దక్కుతుంది. స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త రామోన్ మార్గలెఫ్ 1978లో ఈ వరుసకు మూలం రెండే రెండని సూత్రీకరించాడు. నీటి కల్లోలం ఒకటి, పోషకాల లభ్యత రెండవది. రెండూ ఎక్కువైతే డయాటమ్‌లు, రెండూ తగ్గితే ఈదగల జీవులు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఒకే నీటిలో, ఒకే వెలుతురులో, ఒకే నాలుగైదు పోషకాల కోసం పోటీపడే జీవులలో చివరకు సమర్థుడైనవాడు ఒక్కడే మిగలాలి కదా! పదిమంది తినే పళ్లెంలో అందరికన్నా వేగంగా తినేవాడిదే కదా కూడు! మరి ఒక్క సీసాడు నీటిలో పదుల జాతులు ఎలా కలిసి బ్రతుకుతున్నాయి? జి. ఇ. హచిన్‌సన్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1961లో ఈ ప్రశ్న వేసి దీనికి ‘ప్లవకాల వైపరీత్యం’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన సూచించిన సమాధానాలలో ముఖ్యమైనది మన ఋతువుల మాటే. పోటీలో ఒకరు పూర్తిగా గెలవడానికి కొంతకాలం పడుతుంది. ఆ గెలుపు పూర్తికాకముందే గాలి మారుతుంది, నీరు చల్లబడుతుంది, ఎండ ముదురుతుంది. పోటీ నియమాలే మారిపోతాయి. నిన్న గెలుస్తున్నది నేడు ఓడుతుంది. ఓడినవి పూర్తిగా నశించవు. కొద్దిపాటి సంఖ్యలో, కొన్ని అడుగున బురదలో విశ్రాంతబీజాలుగా, తమ ఋతువు కోసం వేచి ఉంటాయి. కాలం నిలకడగా ఉంటే వైవిధ్యం తరిగిపోయేది. అది మారుతూ ఉండటమే ఇన్ని జాతులను నిలబెడుతున్నది.

వైవిధ్యమనే మాటను కూడా సరిగా గ్రహించాలి. ఒక నీటిబొట్టులో వెయ్యి జీవులున్నాయని, అవి పది జాతులకు చెందినవని అనుకుందాం. ఒక్కొక్క జాతికి నూరేసి జీవులుంటే ఆ సమాజం సమృద్ధమైన వైవిధ్యం కలది. ఒకే జాతికి తొమ్మిదివందల తొంభై ఒకటి, తక్కిన తొమ్మిదింటికి ఒక్కొక్కటి ఉంటే జాతుల సంఖ్య పదే అయినా అది పేరుకు మాత్రమే వైవిధ్యం. కనుక శాస్త్రవేత్తలు జాతుల సంఖ్యతోపాటు వాటి మధ్య పంపకం ఎంత సమంగా ఉన్నదో కూడా లెక్కిస్తారు. ఇలా లెక్కించినప్పుడు ఒక విచిత్రం బయటపడుతుంది. సముద్రం విరగబూసిన వేళ, పచ్చదనం పరాకాష్ఠకు చేరిన వేళ, వైవిధ్యం తరచుగా అడుగంటుతుంది. ఆ సమృద్ధి ఒకటి రెండు జాతుల సొత్తు. పోషకాలు అతి తక్కువగా ఉన్న కరవు నీటిలోనూ వైవిధ్యం తక్కువే. ఈ రెండింటికీ నడుమ, మితమైన పంట ఉన్న నీటిలో, అది అధికంగా కనిపిస్తుంది. 2004లో వివిధ సముద్రాల సమాచారాన్ని కూర్చి చేసిన ఒక పరిశోధన ఇదే చెప్పింది. నమూనాలు సేకరించే పద్ధతిని బట్టి కూడా ఇలా కనిపించవచ్చునని తరువాత కొందరు ఆక్షేపించారు. ఏమైనా పచ్చదనం వేరు, వైవిధ్యం వేరు అన్న ఎరుక ఉంటేనే మన రెండు సముద్రాల కథ బోధపడుతుంది.

భారతదేశానికి ఇరువైపులా ఒకే అక్షాంశాల మీద రెండు సముద్రాలున్నాయి. రెండింటిమీదా ఒకే సూర్యుడు, ఒకే ఋతుపవనాలు. ‘మాన్సూన్’ అన్న మాట ఋతువు అని అర్థమిచ్చే ‘మౌసిమ్’ అనే అరబ్బీ పదం నుండి వచ్చింది. అరబ్బు నావికులు గాలిని, ఋతువును ఒకే మాటతో పిలిచారంటే వారి జీవనంలో ఆ రెండూ ఎంతగా పెనవేసుకొన్నాయో తెలుస్తుంది. ఇన్ని పోలికలున్నా ఈ రెండు సముద్రాల ప్రవర్తన ఉత్తర దక్షిణాలు.

అరేబియా సముద్రంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలి ప్రచండంగా వీస్తుంది. భూభ్రమణం వలన గాలి తోసిన నీరు గాలి దిక్కుకు కుడివైపుగా జరుగుతుంది. అందువల్ల సోమాలియా, ఒమన్ తీరాలలో పైనీరు ఒడ్డును విడిచి దూరంగా పోతుంది. ఆ ఖాళీని నింపడానికి లోతునుండి చల్లని, పోషకాలతో నిండిన నీరు ఉబికి వస్తుంది. మండుటెండల ప్రాంతమైన సోమాలియా తీరంలో ఆ నెలలలో నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకన్నా తగ్గుతుంది. డయాటమ్‌లకు అది పట్టాభిషేకకాలం. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మరొక కవ్వం ఆడుతుంది. ఉత్తర భాగంలో పొడిగా, చల్లగా వీచే ఈశాన్యపు గాలికి పైనీరు చల్లబడి, ఆవిరై, ఉప్పదనం పెరిగి బరువెక్కి తానే మునుగుతుంది. దాని స్థానంలోకి అడుగునీరు పైకి వస్తుంది. ఇలా ఏడాదికి రెండు పంటలు. నడుమ మార్చి నుండి మే వరకు గాలి పడిపోతుంది, నీరు వెచ్చబడి పొరలు కడుతుంది. నైట్రేటు లేని ఆ నిశ్చలజలాలలో ట్రైకోడెస్మియమ్ అనే సయనోబాక్టీరియా రాజ్యమేలుతుంది. గాలిలోని నత్రజనిని నేరుగా వాడుకోగల నేర్పు దానికి ఉన్నది కనుక ఇతరులు పస్తులున్న వేళ కూడా దానికి లోటు లేదు. అది గోధుమరంగు పొట్టులా నీటిమీద తేలుతుంటే పూర్వపు నావికులు దానిని సముద్రపు రంపపుపొట్టు అని పిలిచేవారు.

ఏ జాతి పెరిగిందన్నది తీరవాసులకు కూడూ గుడ్డా ప్రశ్న. కేరళ తీరంలో ‘మత్తి’ అని పిలిచే నూనెకవళ్లు కొన్నేళ్లు కుప్పలుగా పడతాయి, కొన్నేళ్లు దాదాపు కనిపించవు. 1920లలో మద్రాసు మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్, ఎం. రామస్వామి నాయుడు ఈ చేపల జీవితాన్ని, అవి తినే ప్లవకాలను పరిశీలించారు. 1955లో ఆర్. వి. నాయర్, ఆర్. సుబ్రహ్మణ్యన్ అనే శాస్త్రవేత్తలు ఫ్రాజిలేరియా ఓషియానికా అనే ఒక్క డయాటమ్ జాతి సమృద్ధిగా ఉండటం కవళ్ల రాకకు సూచన అని ప్రతిపాదించారు. చేపల రాకపోకలకు కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయని నేడు మనకు తెలుసు. కాని నీరు పచ్చబడితే చాలదు, ఏ ప్లవకం వల్ల పచ్చబడిందో చూడాలన్న వారి దృష్టి గమనించదగినది. అప్పటికి ఉపగ్రహాలు లేవు. వారికి ఉన్నది వల, సీసా, సూక్ష్మదర్శిని.

ఇక మన బంగాళాఖాతం. ఇక్కడ కూడా నైరుతి గాలి వీస్తుంది కాని అరేబియా సముద్రం మీద ఉన్నంత తీవ్రత లేదు. దానికితోడు గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తమ వరదనీటినంతా తెచ్చి ఇందులోనే పోస్తాయి. పైనుండి వర్షం. మామూలు సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, వర్షాకాలం తరువాత బంగాళాఖాతపు ఉత్తరభాగంలో అది 30 గ్రాములకన్నా తగ్గిపోతుంది. ఈ తేలికనీరు మూతలాగా పైన పరచుకొంటుంది. ఉన్న కొద్దిపాటి గాలికి ఆ మూతను కదిలించే శక్తి చాలదు. కనుక అరేబియా సముద్రం పచ్చబడే ఋతువులోనే బంగాళాఖాతపు నడిభాగం ఎక్కువగా బీదనీరుగా మిగులుతుంది. గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు ఈ వ్యత్యాసాన్ని విశదంగా నిరూపించారు. వరదనీరంటే పంటకు మేలని నమ్మే డెల్టావాసులకు ఇది వింతగా తోచవచ్చు. నేలమీద గోదావరి అన్నపూర్ణ. కడలిలో కలిసిన తరువాత అదే నీరు అడుగు సంపదకు అడ్డుమూత.

తీరానికి దగ్గరగా మాత్రం కథ వేరు. 1950లలో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి ఇక్కడివారితో కలిసి విశాఖ తీరజలాలను అధ్యయనం చేశాడు. వసంతకాలంలో నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు చల్లని నీరు ఒడ్డుకు దగ్గరలో పైకి ఉబుకుతుందని, శరత్కాలంలో దానికి విరుద్ధంగా పైనీరు కిందికి దిగుతుందని వారు గుర్తించారు. తీరం వెంట పారే ప్రవాహం కూడా ఏడాదిలో రెండుసార్లు దిశ మార్చుకొంటుంది. ఫిబ్రవరి నుండి మే వరకు అది దక్షిణం నుండి ఉత్తరానికి పారుతుంది, ఉప్పని నీటిని తెస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఉత్తరం నుండి దక్షిణానికి పారుతూ గంగా బ్రహ్మపుత్రల తీపినీటిని మోసుకొస్తుంది. ఈ రెండవ ప్రవాహాన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు తూర్పుతీరపు మత్స్యకారుల సాయం తీసుకొన్నారు. ఐదేసి రోజులకు ఒకసారి వారు పడవలలో వెళ్లి సీసాలలో నీరు పట్టి తెచ్చారు. ఆ నీటి ఉప్పదనాన్ని లెక్కగట్టగా తీరాన్ని అంటిపెట్టుకొని సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున సముద్రంలోనే ఒక నది ప్రవహిస్తున్నదని తేలింది. 2014లో వెలువడిన ఆ పరిశోధనకు పెట్టిన పేరు కూడా సముద్రంలోని నది అనే అర్థం వచ్చేదే. నదితోపాటు నదీజలాలకు అలవడిన ప్లవకజాతులు కూడా కొంత దూరం ప్రయాణం చేస్తాయి. అవి ఉప్పునీటి జాతులతో కలిసేచోట ఒక్క సీసాలో రెండు లోకాలు కనిపిస్తాయి.

గోదావరి ముఖద్వారంలోనూ ఋతువు ఇంతే స్పష్టంగా పనిచేస్తుంది. ధవళేశ్వరం నుండి నీరు ప్రధానంగా వర్షాకాలపు నెలలలోనే సముద్రానికి విడుదల అవుతుంది. వరద ఉధృతిలో నీరు ఎర్రగా బురదమయమై వెలుతురు చొరదు. పైగా ప్లవకం ఒకటి రెండై, రెండు నాలుగయ్యే వ్యవధి ఇవ్వకుండా ప్రవాహం దానిని బయటకు నెట్టివేస్తుంది. కనుక పోషకాలు పుష్కలంగా ఉన్నా వరదవేళ పూత రాదు. వరద తీసి, బురద దిగి, నీరు తేటపడినప్పుడు వస్తుంది. అప్పుడు వచ్చేది ముఖ్యంగా డయాటమ్‌ల పూత. ఎండాకాలంలో సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొని వచ్చి, వెంట తన జాతులను తెస్తుంది.

బంగాళాఖాతానికి ఇంకొక కవ్వమున్నది. అది తుపాను. మనకు ప్రళయమైనది సముద్రానికి ఒక్కొక్కప్పుడు పంట. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచెత్తి వేలమంది ప్రాణాలు తీసిన పెనుతుపాను తరువాత, ఆ ఏడాదే మే నెలలో ప్రయోగించిన మన ఓషన్‌శాట్ ఉపగ్రహం ఆ ప్రాంతపు సముద్రంలో పచ్చదనం పెరిగినట్లు చిత్రించింది. నదులు వేసిన మూతను బద్దలు కొట్టగల బలం తుపానుకు ఉన్నది. ఈ మాటను సంతోషంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా ప్రకృతి లెక్కలో అదీ ఒక పద్దు.

ఋతువులు మారడం వైవిధ్యానికి ప్రాణమైతే, ఋతువుల తీరే మారిపోవడం మాటేమిటి? ఉత్తర అరేబియా సముద్రపు చలికాలం ఇందుకు ఉదాహరణ. డయాటమ్‌ల కాలంగా పేరుపొందిన ఆ ఋతువులో, 2000 తరువాతి సంవత్సరాల నుండి నోక్టిల్యూకా అనే జీవి విజృంభిస్తున్నది. అది గసగసమంత ఉండి కంటికి కూడా కనిపిస్తుంది. దాని దేహంలో ఆకుపచ్చని చిన్నజీవులు అద్దెకుంటాయి. వాటి వల్ల ఎండ నుండి ఆహారం పొందుతుంది. అది చాలనట్లు డయాటమ్‌లను కూడా మింగుతుంది. రాత్రివేళ నీరు కదిలితే నీలికాంతి వెదజల్లుతుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు వెలిగిపోతుంటే జనం గుంపులుగా వెళ్లి చూసి మురిసిన వెలుగు దీని జాతిదే. కాని చేపలలో దీనిని ఇష్టంగా తినేవి తక్కువ. తినేవి ఎక్కువగా జెల్లీచేపలు, సాల్పులు. నీటి పైపొరలలో ప్రాణవాయువు తగ్గడమే దీని విజృంభణకు కారణమని 2014లో ఒక బృందం ప్రకటించింది. ప్రాణవాయువుకు కొరత లేని నీటిలోనూ ఇది పెరుగుతున్నదని మన దేశపు పరిశోధకులు తరువాత చూపి ఆ వాదాన్ని ప్రశ్నించారు. వివాదం తేలలేదు. వేరొక వైపు, పుణెలోని శాస్త్రవేత్త ఎం. కె. రాక్సీ బృందం 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాలలో వృక్షప్లవకాలు నూటికి ఇరవై వంతుల వరకు తగ్గాయి. నీరు వేడెక్కి పొరలు మరింత గట్టిపడటం, కవ్వం ఆడకపోవడం దీనికి హేతువని వారు భావించారు.

నేడు సముద్రపు పచ్చదనాన్ని ఆకాశం నుండి రోజూ కొలుస్తున్నారు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాలు పంపే నీటి రంగును, ఉష్ణోగ్రతను పరిశీలించి చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేస్తున్నది. సముద్రం లేని నగరం సముద్రపు కబురు చెప్పడం ఒక చమత్కారం. అయితే సాధారణ ఉపగ్రహం చెప్పగలిగింది పచ్చదనం ఎంత అన్నది మాత్రమే. 2024 ఫిబ్రవరిలో అమెరికా ప్రయోగించిన ‘పేస్’ ఉపగ్రహం రంగులలోని అతిసూక్ష్మ భేదాలను పట్టి, ఏ కుటుంబానికి చెందిన ప్లవకమో కూడా కొంతవరకు గుర్తించడానికి ఉద్దేశించినది. కుటుంబం పేరు చెప్పవచ్చును గాని జాతి పేరు చెప్పడం ఇప్పటికీ దానికి సాధ్యం కాదు. దానికి పాతపద్ధతే శరణ్యం. సీసాలో పట్టిన నీటికి అయొడిన్ ద్రావణం చుక్కలు కలిపి, జీవులు అడుగుకు దిగేవరకు కదలకుండా ఉంచి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కదానిని పేరుపేరునా లెక్కించాలి. ఒక్క సీసాకు గంటలు పడుతుంది. అలా లెక్కించినవారి బల్లమీద మార్చి నెల సీసా, నవంబరు నెల సీసా పక్కపక్కన ఉంటే, మూత మీది చీటీలో రెండింటికీ చోటు పేరు ఒకటే ఉంటుంది. లోపలి జీవుల జాబితాలు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు.